పాత ట్యూబు – కొత్త బలం

పామిడి పెన్న ఒడ్డున ఉన్న ఊరు. అనంతపురం నుంచి గుత్తికి పోయే దారిలో వస్తుంది. ఈ సీమలో వాన తక్కువ. చేను పండిన ఏడు పండింది, ఎండిన ఏడు ఎండింది. కానీ పామిడికి ఇంకొక బతుకుదెరువు ఉంది. అదే బట్టల పని. పామిడిలో కుట్టిన నైటీలు, లంగాలు దూరపు ఊళ్ళకు కూడా పోతాయి.

ఇక్కడ ఒక వీధిలో ఒక అక్క ఉంది. పన్నెండేళ్ళుగా ఇంట్లోనే నైటీలు కుడుతుంది. వీధిలో అందరూ ఆమెను మిషనక్క అంటారు. మనమూ అలాగే అందాం. ఇలాంటి అక్క మీ వీధిలో కూడా ఉంటుంది.

మిషనక్కకు డజను లెక్కన కూలి. ఎన్ని డజన్లు కుడితే అంత డబ్బు. పొద్దున వంట అయిపోగానే మిషన్ ముందు కూర్చుంటుంది. దీపాలు పెట్టే వేళకు లేస్తుంది. కూతురి కాలేజీ ఫీజు ఆ మిషన్ మీదనే వస్తుంది.

ఏడాదిగా ఆమెకు కుడి తుంటి పక్కన నొప్పి. ఆ పక్కకు తిరిగి పడుకోలేదు. మెట్లు ఎక్కితే మోకాలు కూడా నొస్తుంది. "వయసు అయిపోతాండాది, ఇంతేలే" అనుకుంది. ఎవరికీ చెప్పలేదు.

ఒకరోజు కత్తిరించిన గుడ్డల మూట తీసుకొని మెట్లు దిగుతోంది. కాలు నిలవలేదు. పడిపోయింది. ఎముక విరగలేదు. కానీ వారం రోజులు మిషన్ తొక్కలేకపోయింది. ఆ వారం పని వేరే ఇంటికి పోయింది. కూలీ పోయింది.

"నొప్పి కంటే భయం ఎక్కువయింది నాకు. కాలు పోతే మిషన్ పోతాది. మిషన్ పోతే బిడ్డ చదువు పోతాది" అంది మిషనక్క.

ఈ మాట ఆమె పొదుపు సంఘం మీటింగులో అంది. ఆ రోజు నర్సమ్మ కూడా వచ్చి ఉంది.

బోడిగుండుకూ మోకాలికీ ముడి ఉందా?

నర్సమ్మ మిషనక్కను లేచి నిలబడమంది. గోడ దగ్గర నిలబెట్టింది.

"అక్కా, గోడకు రెండు వేళ్ళు ఆనించు. ఎడమ కాలు కొంచెం పైకి ఎత్తు. కుడి కాలి మీదనే నిలబడు. పది లెక్కపెడతాను" అంది.

మిషనక్క కాలు ఎత్తింది. నర్సమ్మ వెనుక నుంచి చూసింది. మూడు లెక్కపెట్టేసరికే ఎడమ వైపు నడుము కిందికి జారింది. ఒళ్ళు కుడి పక్కకు వాలిపోయింది.

"చూశారా? ఎత్తిన కాలి వైపు నడుము జారిపోయింది. అంటే నిలబడిన కాలి వైపు తుంటి కండ బలహీనంగా ఉంది. ఆ కండ పట్టు వదిలేస్తే బరువు మోకాలు మీద వంకరగా పడుతుంది. మోకాలు నొప్పికి అదీ ఒక కారణం" అంది నర్సమ్మ.

ఒక మూల కూర్చున్న అవ్వ నవ్వింది. "మోకాలు నొస్తుంది అంటే తుంటి సంగతి చెప్తాండావు. బోడిగుండుకూ మోకాలికీ ముడిపెట్టినట్టుంది పాపా!" అంది.

నర్సమ్మ కూడా నవ్వింది. "బోడిగుండుకూ మోకాలికీ ముడి లేదు అవ్వా. కానీ తుంటికీ మోకాలికీ ఉంది. రెంటికీ మధ్య ఉన్నది ఒకే తొడ ఎముక కదా. పైన తుంటి దగ్గర అది లోపలికి తిరిగితే, కింద మోకాలు కూడా లోపలికే పోతుంది."

కావడి లెక్క

మన తుంటి పక్కన, పిరుదు పై భాగంలో, ఒక కండ ఉంది. విసనకర్ర ఆకారంలో ఉంటుంది. పైన నడుము ఎముకకు, కింద తొడ ఎముకకు అతుక్కొని ఉంటుంది. చెయ్యి నడుము పక్కన పెట్టి, ఒంటికాలి మీద నిలబడి చూడండి. నిలబడిన కాలి వైపు, చేతి కింద గట్టిపడేది ఆ కండే.

నడిచేటప్పుడు ప్రతి అడుగులోనూ కాసేపు మనం ఒంటికాలి మీదనే ఉంటాం. అప్పుడు నడుము పక్కకు ఒరిగిపోకుండా పట్టేది ఈ కండ. అది ఎంత బరువు పట్టాలో తెలుసా? కావడిని గుర్తు తెచ్చుకోండి.

కావడికి రెండు వైపులా రెండు బిందెలు. రెండూ భుజానికి సమానమైన దూరంలో ఉంటే సమానమైన బరువు చాలు. ఒక బిందెను భుజం దగ్గరికి జరిపితే? అప్పుడు దగ్గరి బిందెలో ఎక్కువ నీళ్ళు పోయాలి. లేకపోతే కావడి దూరపు వైపుకు ఒరిగిపోతుంది.

మన తుంటి కీలు ఆ భుజం లాంటిది. ఒంటి బరువు దూరపు బిందె. తుంటి పక్క కండ దగ్గరి బిందె. దగ్గరగా ఉంది కాబట్టి అది ఒంటి బరువు కంటే ఎక్కువ బలంతో లాగాలి. కావడిలో రెండు బిందెల బరువూ భుజం మీదనే పడుతుంది. ఇక్కడ కూడా అంతే. ఒంటి బరువు, కండ లాగే బలం రెండూ కలిసి కీలు మీద పడతాయి. అది ఒంటి బరువుకు రెండు రెట్ల కంటే ఎక్కువ.

50 కిలోలు ఉన్న మనిషి ఒక అడుగు వేస్తే తుంటి మీద 100 కిలోల పైనే పడుతుంది. అంటే రెండు బియ్యం మూటలకు మించిన బరువు. రోజుకు కొన్ని వేల అడుగులు వేస్తాం. ఆ కండ ఎంత గట్టిగా ఉండాలో మీరే ఆలోచించండి.

"రోజంతా పనే కదా, మళ్ళీ కసరత్తు ఏంటికి?"

ఈ మాట అడిగింది కూలి పనికి పోయే అక్క. ఆమెను చేనక్క అందాం. చేనక్క శనక్కాయ చేలో కలుపు తీస్తుంది. ఇంటికి వచ్చి నీళ్ళు మోస్తుంది. ఆమె అడిగింది సబబైన ప్రశ్న.

నర్సమ్మ ఇలా చెప్పింది: "పని అలుపు తెస్తుంది. అన్ని కండలకూ బలం తేవాలని లేదు. నువ్వు కలుపు తీసేటప్పుడు గొంతుకూర్చొని ఉంటావు. మిషనక్క కుర్చీ మీద కూర్చొని ఉంటుంది. రెండు పనుల్లోనూ కాలు పక్కకు పోదు. పక్క కండకు సరైన పని లేదు. పైగా బిందె ఎప్పుడూ ఒకే చంకలో పెడతాం. బిడ్డనూ ఒకే చంకన ఎత్తుకుంటాం. నిలబడితే ఒక తుంటి మీద ఒరిగి నిలబడతాం. ఆ వైపు కండ సాగి సాగి నొప్పి పుడుతుంది."

ఆమె ఇంకొక మాట అడిగింది. "మీరు చిన్నప్పుడు తొక్కుడుబిళ్ళ ఆడారా?"

అందరూ ఆడామన్నారు.

"ఒంటికాలి మీద గెంతుతూ గడులన్నీ దాటేవాళ్ళం. అప్పుడు ఈ కండకు రోజూ సాము జరిగేది. పెద్దమనిషి అయ్యాక ఆట మానిపించారు. పెళ్ళి అయ్యాక మనమే మర్చిపోయాం. పని మాత్రం మిగిలింది."

ఎవరూ మాట్లాడలేదు. కాసేపటికి అవ్వ అంది: "నిజమే పాపా. మా వీధిలో నన్ను ఎవరూ గెలిచేవాళ్ళు కాదు."

కండ బలపడాలంటే మూడు కావాలి. ఒకటి, అలవాటైన దానికంటే కొంచెం ఎక్కువ బరువు. రెండు, మధ్యలో విశ్రాంతి. మూడు, తిండి. లేగదూడను రోజూ ఎత్తుతూ పోతే, అది ఎద్దు అయ్యాక కూడా ఎత్తగలిగాడని గ్రీసు దేశంలో ఒక మల్లుడి కథ చెప్పుకుంటారు. కథ సంగతి ఎలా ఉన్నా, అందులోని సూత్రం నిజం. బరువు కొంచెం కొంచెంగా పెరగాలి.

పట్నాల్లో ఇందుకు రబ్బరు పట్టీలు అమ్ముతారు. పట్టీని తొడలకు వేసుకొని కాళ్ళు తెరిస్తే అది వెనక్కు లాగుతుంది. ఎంత తెరిస్తే అంత ఎక్కువ లాగుతుంది. ఆ లాగుడే మనకు బరువు. మనం ఆ పట్టీ కొనాల్సిన పని లేదు. ఇంట్లోనే చేసుకోవచ్చు.

పట్టీ తయారు చేద్దాం

మొదటి పట్టీ: ఎలాస్టిక్ పట్టీ

ఇది మెత్తనిది. బలం తక్కువ ఉన్నవాళ్ళు దీనితో మొదలు పెట్టాలి. మూడు వేళ్ళ వెడల్పు ఉన్న ఎలాస్టిక్ తీసుకోండి. పాదాలను జానెడు ఎడంగా పెట్టి నిలబడండి. మోకాళ్ళకు నాలుగు వేళ్ళ పైన, రెండు తొడల చుట్టూ ఎలాస్టిక్ చుట్టండి. వదులు ఉండకూడదు. బిగుతు కూడా ఉండకూడదు. రెండు కొసలను రెండు అంగుళాలు ఒకదాని మీద ఒకటి పెట్టి, మిషన్ మీద మూడు నాలుగు వరుసలు కుట్టండి.

ఆ రోజు మిషనక్క సంఘంలో అందరికీ ఒక్కొక్కటి కుట్టి ఇచ్చింది. పడిపోయిన తరువాత ఆమె మొదట కుట్టినవి ఆ పట్టీలే.

రెండో పట్టీ: సైకిల్ ట్యూబు

ఇది గట్టిది. నెల తరువాత వాడాలి. సైకిల్ అంగడిలో పాత ట్యూబు అడిగి తెచ్చుకోండి. గాలి కొట్టే మూతి ఉన్న ముక్కను కత్తిరించి పారేయండి. మిగిలిన దాన్ని సబ్బుతో కడిగి నీడలో ఆరబెట్టండి. తొడల చుట్టూ కొలిచి, ముడికి జానెడు వదిలి కత్తిరించండి. రెండు ముళ్ళు గట్టిగా వేయండి. మరీ గట్టిగా అనిపిస్తే ట్యూబును పొడవునా రెండుగా చీల్చండి. సగం ట్యూబు మెత్తగా లాగుతుంది.

జాగ్రత్తలు:

1. ప్రతిసారీ పట్టీని లాగి చూడండి. పగుళ్ళు, చిరుగులు ఉంటే పారేయండి. తెగితే ముఖానికి తగులుతుంది.
2. పట్టీని బట్ట మీదనే వేసుకోండి. ఒంటికి తగిలితే దురద పుడుతుంది.
3. చీర కుచ్చిళ్ళు కాళ్ళకు అడ్డం పడతాయి. నైటీ గానీ, పంజాబీ డ్రెస్సు గానీ మేలు. పామిడిలో నైటీలకు కొదవా?
4. తడి నేల మీద చేయకండి.

నాలుగు కసరత్తులు

ఒకటి: శనక్కాయ తొక్క

చాప మీద ఎడమ పక్కకు తిరిగి పడుకోండి. తల కింద చెయ్యి పెట్టుకోండి. మోకాళ్ళు మడవండి. పట్టీ మోకాళ్ళకు పైన ఉండాలి. మడమలు రెండూ కలిపే ఉంచండి. ఇప్పుడు పై మోకాలును పైకి తెరవండి. శనక్కాయ తొక్క ఒక కొస కలిసి ఉండి, ఇంకో కొస విచ్చుకున్నట్టు ఉండాలి. తెరిచేటప్పుడు రెండు లెక్కపెట్టండి. మూసేటప్పుడు మూడు లెక్కపెట్టండి. పట్టీ లాగిందని ఠక్కున మూయకండి. నెమ్మదిగా మూస్తేనే కండకు పని. నడుము వెనక్కు పొర్లకూడదు. తరువాత రెండో పక్కకు తిరిగి చేయండి. నొప్పి ఉన్న పక్కకు పడుకోలేకపోతే కింద బొంత మడిచి వేసుకోండి. అప్పటికీ నొస్తే ఆ పక్క మానేయండి.

రెండు: వంతెన

వెల్లకిలా పడుకోండి. మోకాళ్ళు మడిచి పాదాలు నేలకు ఆనించండి. మోకాళ్ళను కొంచెం బయటికి నెట్టి పట్టీ బిగుతుగా ఉంచండి. ఇప్పుడు పిరుదులు పైకి ఎత్తండి. భుజం, తుంటి, మోకాలు ఒకే వరుసలోకి రావాలి. మూడు లెక్కపెట్టి నెమ్మదిగా దించండి. నడుము వెనక్కు విల్లులా వంచకండి.

మూడు: గోడ పట్టుకొని కాలు చాపడం

గోడ వైపు తిరిగి నిలబడండి. రెండు చేతులూ గోడకు ఆనించండి. ఒక కాలును పక్కకు జానెడు దూరం చాపండి. కాలి వేళ్ళు గోడ వైపే చూడాలి. ఒళ్ళు రెండో పక్కకు వాలకూడదు. ఎక్కువ ఎత్తాలని చూడకండి. జానెడు చాలు. ఇందులో ఒక విశేషం ఉంది. చాపిన కాలే కాదు, నిలబడిన కాలు కూడా పని చేస్తుంది. ఒక్కోసారి అదే ముందు అలిసిపోతుంది.

నాలుగు: ఎండ్రకాయ నడక

మోకాళ్ళు కొంచెం వంచి నిలబడండి. ఎండ్రకాయ నడిచినట్టు పక్కకు నడవండి. కుడి పక్కకు 8 అడుగులు, ఎడమ పక్కకు 8 అడుగులు. రెండో కాలును దగ్గరికి తెచ్చేటప్పుడు పట్టీ వదులు కాకూడదు. కాలు ఈడ్వకూడదు. మోకాళ్ళు లోపలికి ముడుచుకోకూడదు. చిన్న ఇంట్లో అయినా ఆ గోడ నుంచి ఈ గోడకు చాలు.

నాలుగింటిలోనూ ఊపిరి బిగబట్టకండి. గట్టిగా లెక్కపెడితే ఊపిరి దానంతట అదే ఆడుతుంది.

ఎంత? ఎప్పుడు?

మొదటి రెండు వారాలు మొదటి రెండు కసరత్తులే చేయండి. ఒక్కో వైపు 8 సార్లు. కాసేపు ఆగి మళ్ళీ 8 సార్లు. మూడో వారం నుంచి నాలుగూ చేయండి. సులువు అయ్యాక 10, తరువాత 12, తరువాత 15. 15 సార్లు తేలిగ్గా అయితే గట్టి పట్టీకి మారండి. మారినప్పుడు మళ్ళీ 8 నుంచి మొదలు పెట్టండి.

వారానికి మూడు రోజులు చాలు. సోమ, బుధ, శుక్రవారాలు అనుకోండి. మధ్య రోజు విశ్రాంతి. కండ కోలుకొని గట్టిపడేది ఆ విశ్రాంతిలోనే. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో పెద్దవాళ్ళందరికీ ఒక సలహా ఇచ్చింది. కండలకు బలం ఇచ్చే కసరత్తు వారానికి కనీసం రెండు రోజులు చేయాలి. 65 ఏళ్ళు దాటినవాళ్ళు పడిపోకుండా నిలదొక్కుకునే కసరత్తులు కూడా వారానికి మూడు రోజులు చేయాలి.

చేసేటప్పుడు తుంటి పక్కన మంటగా, బరువుగా ఉంటే అది కండ అలుపు. మంచిదే. మరుసటి రోజు కొంచెం పట్టేసినట్టు ఉంటే భయం లేదు. సూది పొడిచినట్టు నొప్పి వస్తే ఆపేయండి. రాత్రికి నొప్పి ఎక్కువైతే తరువాతి సారి తగ్గించి చేయండి.

పని మధ్యలో

కసరత్తు చేసేది ఇరవై నిమిషాలు. మిగిలిన రోజంతా ఎలా కూర్చుంటాం, ఎలా నిలబడతాం అనేది కూడా ముఖ్యం.

మిషనక్క ఒక నియమం పెట్టుకుంది. బాబిన్ దారం అయిపోయినప్పుడల్లా లేస్తుంది. గుమ్మం దాకా నడిచి వస్తుంది. తరువాతే కొత్త బాబిన్ వేస్తుంది.

చేనక్క బిందె చంక మారుస్తుంది. పోయేటప్పుడు కుడి చంక అయితే, మరుసారి ఎడమ చంక.

అవ్వ కర్ర చెయ్యి మార్చింది. అవ్వకు ఎడమ తుంటి నొప్పి. కర్ర కూడా ఎడమ చేతనే పట్టుకునేది. నర్సమ్మ కర్రను కుడి చేతికి ఇచ్చింది. నొప్పి ఉన్న వైపు కాకుండా రెండో చేతిలో కర్ర ఉండాలి. మళ్ళీ కావడి లెక్కే. దూరపు బిందెను కర్ర కింది నుంచి మోస్తుంది. దగ్గరి బిందెకు పని తగ్గుతుంది.

తిండి సంగతి కూడా చెప్పుకోవాలి. కడుపు మాడ్చుకుంటే కండ పెరగదు. అందరికీ పెట్టి అడుగున మిగిలింది తినే అలవాటు మనకు ఉంది. కండకు పప్పు, ఉలవలు, శనక్కాయలు, గుడ్డు, పాలు కావాలి. ఎముకకు సున్నం కావాలి. దాన్నే కాల్షియం అంటారు. రాగుల్లో అది చాలా ఉంది. వంద గ్రాముల రాగుల్లో 300 మిల్లీగ్రాములకు పైగా ఉంటుంది. మన సంగటి మనకు మందు లాంటిది. ఆ సున్నం ఒంటికి పట్టాలంటే 'డి' విటమిన్ కావాలి. అది ఎండ తగిలితే ఒంట్లో తయారవుతుంది. రోజంతా గదిలో మిషన్ ముందు ఉండేవాళ్ళు రోజూ కాసేపు ఎండలోకి రావాలి.

ఎప్పుడు ఆస్పత్రికి పోవాలి?

అన్ని నొప్పులకూ పట్టీ మందు కాదు. కింద చెప్పినవి ఉంటే కసరత్తు చేయకండి. ఆస్పత్రికి పోండి.

1. కింద పడ్డాక కాలు మోపలేకపోతే, లేదా కాలు పొట్టిగా, పక్కకు తిరిగి కనిపిస్తే. అది తుంటి ఎముక విరిగిన గుర్తు కావచ్చు. నడిపించకండి. 108కి ఫోన్ చేయండి.
2. నొప్పితో పాటు జ్వరం ఉంటే.
3. ఒక్క కాలి పిక్క వాచి, ఎర్రగా, వేడిగా ఉంటే.
4. నొప్పి పాదం దాకా పాకి, తిమ్మిరి పట్టి, కాలు చచ్చుబడినట్టు ఉంటే. మూత్రం ఆగకుండా పోతుంటే ఇంకా తొందరగా పోవాలి.
5. రెండు తొడలూ నీరసించి, బాతులా ఊగుతూ నడుస్తుంటే, ఎముకలు నొస్తుంటే. 'డి' విటమిన్, కాల్షియం తగ్గినా ఇలా ఉంటుంది. అనంతపురం జిల్లాలో కొన్ని ఊళ్ళ బోరు నీళ్ళలో ఫ్లోరైడ్ ఎక్కువ. దానివల్ల కూడా కీళ్ళు బిగుసుకుపోతాయి. పరీక్ష చేయించుకోవాలి.

గర్భిణులు, కొత్తగా కాన్పు అయినవాళ్ళు, పొట్ట ఆపరేషన్ గానీ తుంటి ఆపరేషన్ గానీ అయినవాళ్ళు డాక్టరును అడిగిన తరువాతే మొదలు పెట్టాలి.

మీకు తెలుసా?

ఒంటికాలి మీద నిలబెట్టి నడుము జారుతుందా అని చూసే పరీక్షను 1895లో వివరించినవాడు జర్మనీ డాక్టరు ట్రెండెలెన్‌బర్గ్. ఇప్పటికీ డాక్టర్లు ఆ పరీక్ష చేస్తారు.

1990లో అమెరికాలో తొంభై ఏళ్ళ వయసున్న కొందరు ముసలివాళ్ళతో ఎనిమిది వారాలు కాళ్ళ కసరత్తు చేయించారు. వాళ్ళ కాలి కండల బలం రెండింతలు దాటింది. వయసు అయిపోయిందని కండ మొండికేయదు.

2000లో సిడ్నీ ఒలింపిక్స్‌లో కరణం మల్లేశ్వరి మొత్తం 240 కిలోలు ఎత్తి కంచు పతకం తెచ్చింది. ఒలింపిక్స్‌లో పతకం గెలిచిన మొదటి భారతీయ మహిళ ఆమె. ఆమెది శ్రీకాకుళం జిల్లా ఊసవానిపేట. అంత బరువు ఎత్తేది చేతుల బలం ఒక్కటే కాదు. తొడల, తుంటి బలం కూడా.

రెండు నెలల తరువాత

మొదట్లో ఇంట్లో నవ్వారు. "ఈ వయసులో సర్కస్ ఏంటికి?" అన్నాడు మిషనక్క భర్త. ఆమె మాట్లాడలేదు. తలుపు వేసుకొని చేసుకుంది. మూడో వారంలో కూతురు కూడా పక్కన చాప పరిచింది.

మిషనక్క ఒక నోటు పుస్తకం పెట్టింది. తారీకు రాసింది. ఎన్నిసార్లు చేసిందో రాసింది. చదువు నేర్చుకున్నాక సొంత ఒంటి లెక్క రాసుకోవడం అదే మొదటిసారి.

నొప్పి అంతా పోలేదు. ఎక్కువసేపు కుడితే ఇప్పటికీ నొస్తుంది. కానీ ఇప్పుడు కుడి పక్కకు తిరిగి పడుకుంటుంది. మూట పట్టుకొని గోడ పట్టుకోకుండా మెట్లు దిగుతుంది. వేరే ఇంటికి పోయిన పని మళ్ళీ వచ్చింది.

అవ్వ పట్టీతో ఎండ్రకాయ నడక చేయదు. మంచం కోడు పట్టుకొని కాలు చాపుతుంది. తరువాత ఒంటికాలి మీద నిలబడుతుంది. ఎన్ని లెక్కలు నిలబడిందో మిషనక్క గుడ్డ మీద గీతలు గీసే సుద్దతో గోడ మీద రాస్తుంది. మొదటి రోజు 2. నెలకు 5. నిన్న 9.

"రేపు పది రాస్తా. ఎల్లుండి తొక్కుడుబిళ్ళకు పిలువు నీ కూతుర్ని" అంది అవ్వ.

ఆలోచించండి – మాట్లాడుకోండి

1. ఒంటి నొప్పిని మనం ఎందుకు ఎవరికీ చెప్పం?
2. మీ వీధిలో కూర్చొని చేసే పనులు ఏవి? గొంతుకూర్చొని చేసే పనులు ఏవి?
3. మీ ఇంట్లో అందరికంటే చివర ఎవరు తింటారు? ఎందుకు?
4. అవ్వ కర్ర ఏ చేతికి మార్చింది? ఎందుకు?

లెక్క చేయండి

1. వారానికి 3 రోజులు కసరత్తు. 8 వారాలకు ఎన్ని రోజులు?
2. మిషనక్క శనక్కాయ తొక్క కసరత్తు ఒక్కో వైపు 10 సార్లు, రెండు విడతలు చేసింది. రెండు వైపులా కలిపి మొత్తం ఎన్నిసార్లు?
3. మీ బరువు ఎంత? దాన్ని రెండు రెట్లు చేయండి. ఒక్క అడుగుకు మీ తుంటి మోసేది అంతకంటే ఎక్కువ.

చేసి చూడండి

జంటగా నిలబడండి. ఒకరు గోడకు వేళ్ళు ఆనించి ఒంటికాలి మీద నిలబడాలి. ఒకరు వెనుక నుంచి చూసి పది లెక్కపెట్టాలి. రెండు కాళ్ళ లెక్కా మీ పుస్తకంలో రాయండి. నెల తరువాత మళ్ళీ చేసి, పక్కనే రాయండి.